కొత్త లాకులు

మామగారి పాతకాలం పికప్ బండి తలుపులు ఏనాటినుంచో తాళ్లతోనే ఆగుతున్నాయి. "వాటి జోలికి పోకు అల్లుడూ, నీ వల్ల కాదు" అన్నారాయన. ఏం, నాకు చేతుల్లేవా? వీడియోలు చూసి రెండు తలుపులకూ కొత్త లాకులు బిగించాను. లోపల కూర్చుని రెండూ లాగితే టక్కుమని పడ్డాయి. పొంగిపోయి తెరవబోయాను. లోపలి పిడులూ, అద్దాలు దించే హ్యాండిళ్లూ బయట బల్లమీద ఉన్నాయి! హారన్‌కి ఇంకా వైరు కలపలేదు. చెమటలు కారుతుంటే అద్దాన్ని దబదబా బాదాను. చెవులు సరిగా వినపడని మామగారు షెడ్డు ముందు వేసుకున్న కుర్చీలోంచి చూసి, మొదటిసారి మెచ్చుకోలుగా నవ్వారు.

"గట్టిగానే బిగించావులే, ఒప్పుకున్నాను!"

లేచి, బండికి ఎండ తగలకుండా షెడ్డు షట్టర్ దించేసి భోజనానికి వెళ్లిపోయారు.