బడ్డీకి కట్టిన తాడు

...కాలేది లోపలికే కాబట్టి ఎవరికీ భయం వేయదు, అదే దీని కిటుకు, అనుకుంటూ ఉంది వీరలక్ష్మి. మంట ఉంటే మనిషి దూరంగా జరుగుతాడు. దీనికి మంట లేదు. తాడు చివర ఎర్రటి చుక్క, చుట్టూ తెల్లటి బూడిద, అంతే. ఎవరైనా ఊదితే ఆ చుక్క కన్నులా తెరుచుకుంటుంది. వదిలేస్తే మూసుకుంటుంది. మొగుడి ఛాతీలో కూడా ఇలాగే కాలి ఉంటుంది. పక్కనే పడుకున్న తనకి తెలియలేదు.

"ఒకటివ్వమ్మా" అన్నాడెవరో.

చెయ్యి దానంతట అదే పెట్టె తీసింది, సిగరెట్టు ఇచ్చింది. ఆ మనిషి తాడు చివర రెండు వేళ్ళతో పట్టుకుని, సిగరెట్టు ఆనించి, బుగ్గలు లోపలికి పీల్చి వెలిగించుకున్నాడు. బస్సు వైపు నడిచాడు. ఇచ్చింది తనా, తన చెయ్యా? చెయ్యి వేరు, తను వేరు అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. పొద్దుటి నుంచీ అలా అనుకోవడం కుదరడం లేదు.

పొద్దున పున్నారావు బడ్డీని ఎత్తుకుపోయారు.

బందరు బస్టాండు ఎదురుగా, మురుగుకాలవ గట్టు మీద బడ్డీల వరస. ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన రేకు పెట్టెలు. కిళ్ళీ, సోడా, బిస్కెట్లు, సిగరెట్లు. ప్రతి బడ్డీకీ పక్కన మేకుకి ఒక కొబ్బరి తాడు, చివర నిప్పుతో. అగ్గిపెట్టె లేనివాడు ఊరికే వెలిగించుకుపోవచ్చు. తాడు ఎప్పుడూ ఆరకూడదు. పొద్దున బడ్డీ తెరవగానే దేవుడి పటానికి దణ్ణం, తాడుకి నిప్పు, ఆ తర్వాతే బేరం.

'పొగలేని పట్టణం' అని రాసిన మున్సిపాలిటీ లారీ వచ్చి ఆగింది. అధికారి దిగాడు. నిషేధించిన చోట పొగ తాగడానికి నిప్పు అందిస్తున్నారు, ఇదిగో సాక్ష్యం, అని పున్నారావు తాడు కోయించి ప్లాస్టిక్ కవరులో వేయించాడు.

"బాబూ, తాడు తీసుకుపోండి. ఇంకెప్పుడూ కట్టను. బడ్డీ ఉంచండి" అన్నాడు పున్నారావు.

"అంతా రూలు ప్రకారమే పెద్దాయనా."

క్రేను కొక్కెం బడ్డీ చూరుకి తగిలింది. పెట్టె గాలిలోకి లేచింది. లోపలి సోడా సీసాలు ఒకవైపుకి దొర్లి భళ్ళుమన్నాయి. తమలపాకుల తడిగుడ్డ జారి కాలవలో పడింది. వరసంతా చూస్తూ నిలబడింది. తనూ చూస్తూ నిలబడింది. లారీ వెళ్ళాక పున్నారావు, బడ్డీ కాళ్ళు ఆనిన ఇటుకల మీద కూర్చున్నాడు. అవనిగడ్డ బస్సు దిగిన ఒక మనిషి అలవాటుగా అటే వచ్చి, "బాబాయ్, ఒక కిళ్ళీ" అన్నాడు. పున్నారావు చెయ్యి పైకి లేచింది. ఆకుల పళ్ళెం ఉండే ఎత్తు దాకా లేచి, గాలిలో వెతికి, దిగింది.

ఆ చెయ్యి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

దానికంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. తలెత్తితే అది కనపడుతుంది. బస్టాండు గేటు పైన పెద్ద బోర్డు. దాని మీద తన మొహం. చెంపల మీద నీళ్ళు, నోరు సగం తెరిచి. కింద అక్షరాలు: 'నా భర్తను పొగ మింగేసింది. మీ ఇంట్లో అలా జరగనివ్వకండి.'

అది అబద్ధం కాదు. వానలు మొదలైన రోజుల్లో పొగ మాన్పించే నిర్మలశ్వాస సొసైటీలో పనిచేసే అమ్మాయి పూర్ణిమ బడ్డీ దగ్గరికి వచ్చింది. సోడా తాగింది. "మీవారేం చేసేవారండీ?" అని అడిగింది. గిలకలదిండిలో మరబోటు మీదికి వెళ్ళేవాడనీ, బీడీ మీద బీడీ కాల్చేవాడనీ, చివరి రోజుల్లో ఊపిరి అందక పడవ తాడు పట్టుకున్నట్టు తన చెయ్యి పట్టుకునేవాడనీ వీరలక్ష్మి చెప్పింది. పూర్ణిమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజం. ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది కదా అనే, వీరలక్ష్మి వాళ్ళ సభకి వెళ్ళి, మైకు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చాక ఒళ్ళు తేలికైంది. ఆ తేలికదనాన్ని వాళ్ళు ఫొటో తీశారు. ఇప్పుడు ఆ మొహం పైనుంచి చూస్తూ ఉండగానే కింద బడ్డీలు లేచిపోతున్నాయి.

*

సాయంత్రం బస్టాండు పక్క సైకిళ్ళ షెడ్డులో వరసంతా కూడింది. నిలబడ్డవాళ్ళు, అట్టముక్కల మీద కూర్చున్నవాళ్ళు. అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"నీ మొహమే గదే పైన ఉంది!" సరోజిని లేచింది. వీరలక్ష్మి పక్క బడ్డీ ఆమెది. గొంతు బస్సు హారను లాంటిది. "మా కొంపలు కూల్చడానికి నీ ఏడుపే దొరికిందా వాళ్ళకి?"

వీరలక్ష్మి తల వంచుకుంది.

"దాన్నెందుకే అంటావు?" అన్నాడు పున్నారావు. "దాని మొగుడు పోలేదా? పోయాడు. పోయిన మనిషి గురించి ఏడ్చింది."

"అయితే మనం అమ్మేది తప్పంటావా బాబాయ్?"

"తప్పో ఒప్పో నాకు తెలీదు. సిగరెట్టు ఫ్యాక్టరీ గేటుకి తాళం పడలేదు. నా బడ్డీకి పడింది. అది తెలుసు."

అప్పుడే మోటారు సైకిలు ఆగింది. రాజీవ్, సిగరెట్టు కంపెనీ సరుకు వేసే మనిషి. ఇస్త్రీ చొక్కా, నవ్వు.

"అన్నయ్యలూ, అక్కలూ! ఎందుకీ చీకటి మొహాలు? మా సార్లతో మాట్లాడాను. షామియానా మాది. ఫ్లెక్సీలు మావి. బిర్యానీ పొట్లాలు మావి. విజయవాడ నుంచి లాయరుని కూడా పెడతారంట. 'చిరువ్యాపారుల జీవనహక్కు వేదిక'. పేరు బాలేదూ?"

"పేరు కూడా మీరే పెట్టారా? బిడ్డ పుట్టకముందే బారసాల చేసేశారే!" అంది సరోజిని.

నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది. ఎవరికి వాళ్ళు బిర్యానీ పొట్లం గురించి కాదు, లాయరు గురించి ఆలోచిస్తున్నారు. ఆ నిశ్శబ్దం వీరలక్ష్మికి తెలుసు. ఆసుపత్రి వరండాలో, ఎవరు సాయం చేస్తామన్నా సరేననడానికి సిద్ధంగా ఉన్న మనుషుల నిశ్శబ్దం అది.

"ఈయన సంగతి మనకి తెలుసు" అంది సరోజిని కూతురు అక్షిత. హిందూ కాలేజీ పక్క హాస్టల్లో ఉండి చదువుతోంది, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "వాళ్ళ సంగతి కూడా చూడండి." ఫోను తీసింది. సభ ఫొటో. మైకు ముందు ఏడుస్తున్న వీరలక్ష్మి. ఆమె తల వెనక బ్యానరు మీద, సహకారం అన్న మాట కింద, ఆకుపచ్చ ఆకు గుర్తు.

"ఈ ఆకు గుర్తు కంపెనీ సిగరెట్టు మాన్పించే నమిలే గమ్ము తయారుచేస్తుంది. ఇదే గుర్తు ఇంకెక్కడుంది?"

పున్నారావు మెడ తిప్పాడు. రోడ్డు అవతల, కొత్తగా అద్దాలు బిగించిన పెద్ద దుకాణం. ఇంకా తెరవలేదు. 'త్వరలో ప్రారంభం' అని రాసిన కాగితం కింద అదే ఆకు.

"గుడివాడలో వీళ్ళ షాపు తెరిచారు. నేను లోపలికెళ్ళి చూశాను. సిగరెట్లు కూడా అమ్ముతారు పెద్దయ్యా, అద్దం వెనక. పక్కనే గమ్ము. అక్కడి బడ్డీలు ముందే లేచిపోయాయి."

"దొంగనాయాళ్ళు! ఎంత గుట్టుగా చేశారే!" అంది సరోజిని.

"గుట్టేం లేదు. బ్యానరు మీద వేసుకున్నారు. మనమే చూడలేదు."

వీరలక్ష్మి ఆ ఫొటోనే చూస్తోంది. తను ఏడుస్తున్నంతసేపూ ఆ ఆకు తన తల వెనకే ఉంది. అందరూ తన మొహం చూశారు. తనొక్కతే దానికి వీపు పెట్టి నిలబడింది.

"నీ షామియానా వద్దు బాబూ" అన్నాడు పున్నారావు, రాజీవ్ వైపు తిరక్కుండానే. "ఎండలో కూర్చుంటాం."

*

ఎండలోనే కూర్చున్నారు. బడ్డీలు మూసి, బస్టాండు గేటు ముందు. ఫ్లెక్సీలకి డబ్బుల్లేవు. అట్టల మీద రాశారు. 'గమ్ము కంపెనీ వద్దు, సిగరెట్టు కంపెనీ వద్దు, మా చోటు మాకు కావాలి.' అక్షిత స్నేహితులు అక్షరాలు దిద్దారు. కండక్టర్లు, ఆటోవాళ్ళు, చేపల గంపలతో వచ్చిన గిలకలదిండి ఆడవాళ్ళు ఆగి చూశారు. కొందరు కూర్చున్నారు. సరోజిని నినాదం ఇస్తే ఆ నినాదం బస్సుల రేకులకి తగిలి వెనక్కి వచ్చింది. వీరలక్ష్మి మొదట పెదవులు కదిపింది. తర్వాత గొంతు వచ్చింది. ఇంతమంది గొంతులో తన గొంతు కలిసినప్పుడు, ఏది తనదో తెలియనప్పుడు, ఎన్నో నెలల తర్వాత ఆమెకి ఊపిరి పూర్తిగా అందింది.

మర్నాడు పొద్దున ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఒక ఫొటో. ధర్నాని వెనక నుంచి తీసింది. ఎత్తి పట్టిన అట్టల వెనకవైపు, వరసగా, పెద్ద పెద్ద అక్షరాలతో సిగరెట్టు పేరు. కింద ఒక్క వాక్యం: 'ఈ ధర్నా ఎవరిదో మీరే చూడండి.'

అవి సిగరెట్టు సరుకు వచ్చే అట్టపెట్టెలు. బడ్డీవాళ్ళకి అట్టపెట్టె పేరు చదివే వస్తువు కాదు. చింపి కూర్చుంటారు. విసురుకుంటారు. జల్లు కొడితే అడ్డం పెడతారు. రాయడానికి ఏదైనా కావాలంటే చెయ్యి దాని మీదికే పోయింది. ముందువైపు వద్దని రాసి, వెనకవైపు ఆ కంపెనీ పేరే ఊరేగించారు.

ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. తిట్టుకుంటే బాగుండేది. నిన్న కూర్చున్న ఆటోవాళ్ళు ఇవాళ పలకరించకుండా పోయారు. అక్షిత ఫోను చూస్తూ ఏడ్చింది. మోటారు సైకిలు మళ్ళీ వచ్చింది.

"చూశారా అక్కా" అన్నాడు రాజీవ్, ఈసారి నిజంగా జాలిగానే. "ఎలాగూ మా మనుషులన్నారు. ఇప్పుడైనా లాయరుని తీసుకోండి."

వీరలక్ష్మికి నవ్వొచ్చింది. తన దుఃఖం ఒకరి దగ్గర ఉంది. తన కోపం ఇంకొకరి ఖాతాలో పడింది. మిగిలింది ఏమిటి? ఈ రేకు పెట్టె, ఈ మేకు, దీనికి వేలాడే తాడు. ఇది మామగారి పడవ తాడు. పడవలకి నైలాను వచ్చాక ఇంట్లో చుట్టలు చుట్టలుగా మిగిలిపోతే, కొంచెం కొంచెంగా తెచ్చి ఇక్కడ కాలుస్తోంది. వరసలో అందరికీ ఇస్తోంది. ఒకప్పుడు పడవని గట్టుకి పట్టి ఉంచిన తాడు. నేనేం చేస్తున్నాను దీన్ని?

"రాజీవ్ బాబూ, వెళ్ళిపో" అంది. "మిగతా బడ్డీలకి లారీ వచ్చే వేళైంది. నువ్వు ఇక్కడుంటే మళ్ళీ ఫొటో తీస్తారు."

*

లారీ వచ్చింది. క్రేను, అధికారి, ఇద్దరు పోలీసులు, పూర్ణిమ. వరసంతా బడ్డీల ముందుకి వచ్చి నిలబడింది. నిన్నటి ఊపు లేదు. నిలబడ్డానికి వేరే చోటు లేక నిలబడ్డారు.

పూర్ణిమ తిన్నగా వీరలక్ష్మి దగ్గరికి నడిచింది. "మీరు కూడానా అండీ? మీరే కదా ఆ రోజు అంతగా..."

"ఏడ్చానమ్మా. ఇప్పుడూ ఏడుస్తాను."

"పొగాకు మనుషుల్ని చంపుతుంది. అది అబద్ధమా?"

"నిజమే."

"మరి?"

మరి. ఆ మాట వీరలక్ష్మిలో కింద దాకా దిగింది. దానికి ఇన్ని రోజులుగా జవాబు లేదనే కదా తను నోరు మూసుకుంది. జవాబు దొరికితేనే మాట్లాడాలని ఎవరన్నారు?

"నా ఏడుపు నీకిచ్చింది వినమని" అంది మెల్లగా. "బోర్డు కట్టి మా నెత్తిన నిలబెట్టమని కాదు."

పూర్ణిమ మొహం ఎర్రబడింది. "స్పాన్సర్లు లేకుండా మేం ఎలా పనిచేస్తామండీ? పెట్రోలుకి కూడా..."

"మాకూ వచ్చాడమ్మా స్పాన్సరు!" సరోజిని అరిచింది. "పొమ్మన్నాం! చూడు, ఎండలో మాడుతున్నాం!"

"మాటలు తర్వాత" అన్నాడు అధికారి. వరస చివరున్న వీరలక్ష్మి బడ్డీ చూపించాడు. "ముందు ఇది. తాడు వెలుగుతూనే ఉంది, ఫొటో తీయండి."

కొక్కెం కిందికి దిగుతోంది. పున్నారావు ఇటుకల మీద నుంచి లేచి వచ్చి బడ్డీకి వీపు ఆనించాడు. పోలీసు ఆయన భుజం పట్టుకుని పక్కకి లాగాడు. ముసలాయన మోకాళ్ళ మీద పడ్డాడు. వరసలోంచి ఒక శబ్దం వచ్చింది. నినాదం కాదు. పేరు లేని శబ్దం.

వీరలక్ష్మి మేకు మీద నుంచి తాడు తీసింది. ఎర్రటి చుక్కని ఒక్క క్షణం చూసింది. తమలపాకుల డబ్బాలో నీళ్ళున్నాయి. చివర అందులో ముంచింది. చుయ్‌మంది. కొంచెం పొగ లేచి, సముద్రపు గాలికి విడిపోయింది.

"సాక్ష్యం పాడుచేస్తోంది!" అన్నాడెవరో.

ఆమె వినలేదు. బడ్డీ కింద ఉన్న తాడు చుట్ట లాగింది. తాడు బయటికి వస్తూనే ఉంది, బొటనవేలంత లావు, ఇంకా ఉప్పు వాసనతో. ఒక చివర తన బడ్డీ ఇనుప కాలికి చుట్టింది. రెండో చివర సరోజిని బడ్డీ కాలి దగ్గరికి తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

సరోజిని ఒక్క క్షణం అర్థం కాక చూసింది. తర్వాత వరస వైపు తిరిగి, "మీ తాడు చుట్టలు తియ్యండే! ఎత్తితే వరసంతా ఎత్తాలి!" అంది.

పడవ గాలికి లాగేకొద్దీ బిగుసుకునే ముడి ఒకటుంది. పెళ్ళైన కొత్తలో మొగుడు నేర్పాడు, పగలబడి నవ్వుతూ, బాగున్న ఊపిరితో. చేతులకి ఇంకా గుర్తుందో లేదో అనుకుంది. తాడుని ఇనుప కాలి చుట్టూ తిప్పి, కొస లోపలి నుంచి తీసి, పాదం అదిమిపెట్టి లాగింది.