యంత్రానికి దొరకని బట్టలు

మల్లమ్మ కొంగు కుట్టుమిషన్లను తిప్పే తోలుపట్టాలో చిక్కింది. ఆమె కేక పెట్టేలోపే పట్టా కొంగుతోపాటు కుడిచేతిని లాగేసింది. పక్క మిషన్ మీదున్న బేగంబీ పరుగెత్తి ఆయిల్ ఇంజను ఆపించేసరికి ఆ చేయి మోచేతి దాకా నుజ్జయింది.

1957 ఎండాకాలం. సంగారెడ్డి శివార్లలోని ఆ కుట్టు కార్ఖానాలో యాభై మంది పనివాళ్లు పరదేశపు కూలీలకు పనిబట్టలు కుడుతున్నారు. మల్లమ్మను బండిలో దవాఖానకు పంపాక సేటు వచ్చాడు. ముందు బల్ల మీది బట్టలు తిరగేశాడు.

"నెత్తురు అంటిందా? కొంగు సదురుకునే సోయి లేకపోతె నేనేం జెయ్యాలె? సరుకు ఓడకెక్కే యాల్లయితుంది. ఇంజను నడుపుండ్రి!"

ఇంజను నడిచింది. బేగంబీ కూడా కుట్టింది. కుడుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

పగటి తిండివేళ బట్ట కత్తిరించే నూరుద్దీన్ తాము కుట్టే బట్టల నమూనాలు మూడు నేల మీద పరిచాడు.

"సూడుండ్రి. ఇది విలాయత్‌ది. అంగీ, లాగు ఒక్కటే, యాలాడే కొస లేదు. జర్మనీది, గుండీలు లోపటికి దాసిండ్రు. జపాన్ది, మణికట్టు కాడ బిగుతు. ఎందుకంటరు? మిషన్ల పడి సావకుండ!"

"వాళ్ల పానం పానం, మనది కాదా?" కుట్టేవాళ్లలోంచి నర్సింహమ్మ గొంతు చించుకుంది.

"సేటుతోని కొట్లాడితె రేపు పొయ్యి ఎట్ల మండుతది?" ఇంజను నడిపే కొమురయ్య గొణిగాడు.

బేగంబీ అతని మీదికి లేచింది. "నువ్వు నడిపిన ఇంజనే కొమురయ్యా! మేం కుట్టినం. రేపు ఎవ్వరి చెయ్యి ఇస్తం, చెప్పు!"

కొమురయ్య తల దించుకున్నాడు. "రేపు ఇంజను నడప" అన్నాడు.

మరునాడు పొద్దున సేటు వచ్చేసరికి మిగిలిన నలభై తొమ్మిది మందీ ఆ పరదేశపు పనిబట్టలు తొడుక్కుని మిషన్ల ముందు నిలబడి ఉన్నారు. పట్టాలకు చెక్కల మూత వేయాలి, మాకూ ఇవే బట్టలు ఇవ్వాలి, మల్లమ్మను బతికినంత కాలం చూసుకోవాలి అన్నారు. సేటు పోలీసు ఠాణా నుంచి అమీన్ సాబ్‌ను పిలిపించాడు.

"దొంగసొత్తు! విప్పుండ్రి!" అమీను లాఠీ ఊపాడు.

"కుట్టినోళ్లం మేం. దొంగ ఆడున్నడు," బేగంబీ సేటు వైపు చెయ్యి చాపింది.

లాఠీ ఆమె భుజం మీద పడింది. ఆమెనూ నూరుద్దీన్‌నూ ఠాణాకు ఈడ్చుకుపోయారు. మిగతావాళ్లు పని ముట్టలేదు.

మూడోరోజు నర్సింహమ్మ ఠాణా కిటికీ దగ్గరికి పరుగున వచ్చింది.

"బేగంబీ! సేటు జోగిపేట నుంచి లారీ నిండ కొత్తోళ్లను దింపిండే. మేం అడ్డం పోలె. మల్లమ్మకు ఏమైందో చెప్పినం, అంతే."

"మిషన్ల మీద కూసున్నరా?"

"ఒక ముసలామె లోపటికి పోయి పట్టా సూసింది. మూత ఏదని సేటును అడిగింది. ఆడు తిట్టిండు. అందరు బయటికొచ్చి మా పక్కన నిలవడ్డరు!"