చెలమకి ఎనిమిదో నంబరు

ఆగండాగండి, ఒక్క నిమిషం కూర్చోండి, ఇది విని అప్పుడు వెళ్దురుగాని!

2007లో కాశీబుగ్గలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఉదయశంకర్, అతని మేనత్త కూతురు నాగసుధ కలిసి ‘చెలమ’ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. ఉద్దానం ఊళ్ళల్లో కిడ్నీ పరీక్షల శిబిరాలు పెడతారు కదా, అక్కడ ఒక్కొక్కరి రక్తపరీక్షా ఎక్కిస్తే, నెలనెలా జబ్బు పెరుగుతోందో లేదో చూపిస్తుంది. ఓపెన్ సోర్స్. ఎవరైనా వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు కూడా.

దాని ఏడో వెర్షన్ ఎలా రిలీజయిందో తెలుసా? ముహూర్తానికి! నాగసుధ విశాఖలో పరీక్ష రాస్తుంటే, ఇక్కడ ఉదయశంకర్ వాళ్ళ నాన్న, పురోహితుడు శేషగిరి పంతులుగారు లగ్నం పెట్టారు, మానిటర్‌కి పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు, సైట్‌లో పెట్టేశారు. ఒక్కరంటే ఒక్కరు నడిపి చూశారా? చూడలేదు!

ఆమె తిరిగొచ్చి వజ్రపుకొత్తూరు అవతల ఒక రేవూళ్ళో శిబిరానికి వెళ్తే, ఎర్రమ్మ అనే చేపలమ్మే మనిషి ఎదురుగా కూర్చుని కాళ్ళు చూపించింది. పాదాలు బూరెల్లా ఉబ్బిపోయి ఉన్నాయి.

“ఏటమ్మా, మొన్న శిబిరానికొస్తే నీకేటీ నేదు ఎల్లిపో అనీసినారు. మరి ఈ కాళ్ళేటి ఇలగున్నాయి?”

నాగసుధ గబగబా చెలమలో ఆమె పేరు కొట్టి చూసింది. పోయిన నెల ఈమె రీడింగ్ తన చేత్తోనే ఎక్కించింది, అది ఎక్కువే, ఈ నెల మళ్ళీ చూసి ఆసుపత్రికి పంపాలనుకున్నారు. స్క్రీన్ మీద మాత్రం చక్కగా మామూలుగా ఉంది.

“ఈ ఊళ్ళో ఇంకో ఎర్రమ్మ ఉందా?”

“ఇంకోటా! మా యీదిలోనే బోల్డుమందిమి. అమ్మోరి పేరు కదా, ఇంటింటికీ పెట్టీసుకుంటారు. ఇంటిపేరూ ఒకటే. నాను రేవుకాడెర్రమ్మని, ఆయమ్మ తోటకాడెర్రమ్మ.”

అదీ సంగతి! పేరూ ఇంటిపేరూ ఒకటైతే రెండుసార్లు ఎక్కిన ఒకే మనిషి అనుకుని, ఏడో వెర్షన్ ఇద్దరినీ కలిపేసింది. తోటకాడ ఎర్రమ్మ ఆరోగ్యం రేవుకాడ ఎర్రమ్మకి అంటించేసింది. నాగసుధ డాక్టరుగారిని పిలిచి, ఎర్రమ్మని ఆ పూటే పలాస ఆసుపత్రికి పంపించి, సెంటర్‌కొచ్చి మొట్టమొదట సైట్ పాస్‌వర్డ్ మార్చేసింది.

“బావా, ఇకమీదట ఏ వెర్షనైనా ముందు మన దగ్గరే శాంపిల్‌గా పెట్టుకుంటాం. మన ఊళ్ళ పేర్లతోనే నడిపి చూస్తాం. రాసినవాడు కాకుండా ఇంకో ఇద్దరు సరే అంటేనే రిలీజు. ఏం మారిందో, ఏది తప్పో సైట్‌లో రాస్తాం.”

“ఊరికే ఇచ్చేదానికి ఇంత తంతేటే?”

“మీరు మూడుముళ్ళకి మూడురోజుల తంతు చేయించరూ? ఊరికే ఇచ్చాం కాబట్టి ఎవరి ప్రాణం పోయినా ఫరవాలేదా?”

ఉదయశంకర్ కోడ్ తెరిచాడు. కూర్చుని తప్పు దిద్దాడు, బాగానే దిద్దాడు. నాగసుధా, టెక్కలి నుంచి వచ్చిన స్నేహితురాలు గౌతమీ రెండు రోజులు ఎర్రమ్మలతో, ఢిల్లేశ్వరరావులతో నింపి నడిపారు. ఎవరూ కలిసిపోలేదు. ఇద్దరూ సరే అన్నారు.

అప్పుడు బయటపడింది అతగాడి అసలు బుద్ధి.

“ఎనిమిదొద్దు సుధా, నాన్న అష్టమం అంటున్నారు. ఏడు తీసేసి, దిద్దినదాన్ని ఏడు పేరుతోనే పెట్టీ. ఎవడికీ తెలీదు.”

“తెలీకపోతే పాతది దించుకున్నవాళ్ళు ఎందుకు మారుస్తారు? వాళ్ళ దగ్గర ఎర్రమ్మలు కలిసిపోతూనే ఉంటారుగా!”

“తప్పని రాశావనుకో, కోటబొమ్మాళి శిబిరం డాక్టరు చెలమని అవతల పారేస్తాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ పారేస్తారు. మళ్ళీ ఎవరి రీడింగ్ ఎవరికీ గుర్తుండదు. అదీ ప్రాణాలే కదటే?”

నాగసుధ ఒళ్ళు మండిపోయింది. పరువుకి భయపడేవాడు ప్రాణాల మాట ఎత్తుతాడా! అయినా ఆ మాటలో సగం నిజముంది, అదే ఇంకా మండిస్తోంది. పొద్దున్నే కోటబొమ్మాళిలో శిబిరం, అక్కడున్నది పాత ఏడే. పాస్‌వర్డ్ ఆమె చేతిలో ఉంది. చప్పుడు చేయకుండా పాత నంబరు మీదే మార్చేయాలా, ‘మా ఏడో వెర్షన్ మనుషుల్ని కలిపేసింది, వెంటనే ఆపేయండి’ అని రాసి ఎనిమిది పెట్టాలా?

ఆ కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు?