డ్రయ్యరు శ్రుతి

పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా డ్రయ్యర్లు చూసుకునే ఆవిడను అక్కడ అందరూ పిన్ని అనే పిలుస్తారు. నిజానికి ఆవిడ పిన్ని అయ్యేది ఒక్కడికే, అక్క కొడుక్కి. ముప్ఫై దాటినవాడు, రాక్ బ్యాండులో గిటారు వాయిస్తాడు. ఒకరోజు ఇంటి తాళం ఇవ్వడానికి వచ్చి, యంత్రాల హోరులో ఆరుగురు ఆడవాళ్ళు దుప్పట్లు మడతపెడుతూ పాడుకోవడం విని, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“పిన్నీ, మనందరం కలిసి ఓ ఆల్బం చేద్దాం.”

“నీకేమైనా మతిపోయిందా?” అంది పిన్ని. అయినా ఎనిమిది నెలలు, పని తక్కువుండే ఆదివారాల్లో, డ్రయ్యర్ల మధ్య మైకులు నిలబెట్టి ఆ మతిపోయిన పనే చేశారు. బ్యాండు నలుగురు, లాండ్రీ ఆరుగురు, ఎనిమిది పాటలు.

ఆల్బం వచ్చాక రెండు సమీక్షలు పడ్డాయి. మొదటిది ఇంటర్నెట్టులో. టీ విరామంలో, దుప్పట్ల బల్ల దగ్గరుండే, లాండ్రీలో అందరూ మడతల అక్క అని పిలిచే ఆవిడ ఫోనులో పైకి చదివింది: “ఈ అభాగినుల గొంతుల్లో శ్రమజీవుల ఆర్తనాదం వినిపించి కళ్ళు చెమర్చాయి.”

“ఆర్తనాదమా?” పిన్ని గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. “నవ్వాపుకోలేక మూడుసార్లు రికార్డింగు ఆపించాం కదే! వీడు అసలు విన్నాడా?”

రెండోది పత్రికలో. రాసినాయన పాత కాపు. కలం పట్టుకుంటే ఎవర్నీ వదలడని సంగీతం వాళ్ళు ఆయనకు ‘కత్తెర’ అని పేరు పెట్టారు. “గిటారులో తెగువ ఉంది. మూడో పాట ఉత్త గోల. నాలుగో పాట పాడిన పెద్దావిడకు శ్రుతి తెలియదు. మొదటినుంచి చివరిదాకా కాస్త కిందే నడిచింది” అని రాశాడు.

మడతల అక్క మొహం మాడిపోయింది. “వాడి నోట్లో మన్ను పడ! మళ్ళీ ఎవరైనా పాడమంటే నేను పాడను.”

పిన్ని మాత్రం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. మనసు చివుక్కుమంది, నిజమే. కానీ ఏదో పట్టు దొరికినట్టు కూడా అనిపించింది. “జాలిపడ్డవాడు వినలేదు. తిట్టినవాడు చెవి పెట్టి విన్నాడు. ఈయనతోనే మాట్లాడాలి” అంది.

పత్రికాఫీసుకు తనే ఫోన్ చేసింది. “నాలుగో పాట పాడిన పెద్దావిడ నేనేనండి. మీరొకసారి మా లాండ్రీకి రండి. టీ ఇస్తాం, తన్నం.”

అవతల కత్తెర నవ్వు వినిపించింది.

మంగళవారం ఉదయం పదింటికి కత్తెర వచ్చాడు. సన్నగా, మెడలో మఫ్లరుతో, బడిపంతులులా ఉన్నాడు. పిన్ని అక్క కొడుకు అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పిన్ని పెద్ద డ్రయ్యరు మీట నొక్కింది. అది ఒకసారి మూలిగి, ఊపందుకుని, ఒకే స్వరం మీద నిలబడింది.

“ఈ మోత ఇరవై రెండేళ్ళుగా నా చెవిలో ఉంది సార్. నా శ్రుతిపెట్టె ఇదే. కొలుచుకోండి” అని, దుప్పటి కొస మడతల అక్కకు అందించి, నాలుగో పాట ఎత్తుకుంది.

కత్తెర ఫోనులో స్వరం కొలిచే ముల్లు పెట్టుకుని చూశాడు. డ్రయ్యరు మోత రెండు స్వరాల మధ్య సందులో ఉంది. పిన్ని గొంతు సరిగ్గా ఆ సందులోనే, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది. పాట అయ్యేదాకా ముల్లు కదల్లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మరి రికార్డులో తేడాగా ఎందుకుంది?”

అక్క కొడుకు గొంతు సవరించుకున్నాడు. “గిటార్ల తీగలు పిన్ని శ్రుతికి వదులు చేశాను సార్. కీబోర్డు శ్రుతి మాత్రం దించలేదు, అందుకే దాని పక్కన పిన్ని గొంతు కిందగా వినిపించింది. అన్నీ దించేస్తే ఆల్బం మొత్తం శ్రుతి తప్పిందంటారని భయపడ్డాను.”

“అంటే నీ భయానికి మాట నేను పడ్డానన్నమాట” అంది పిన్ని.

వాడు తల దించుకున్నాడు. “తప్పు నాదే పిన్నీ.”

“నీదే” అంది పిన్ని, మెత్తగానే. “పోయి ఆ కీబోర్డు తీసేయ్. ఆల్బం మళ్ళీ వెయ్. ఈసారి అట్టమీద ‘లాండ్రీ బృందం’ అని గంపగుత్తగా రాశావంటే ఊరుకోను. ఆరుగురికీ పేర్లున్నాయి.”

పక్షం తర్వాత పత్రికలో కత్తెర మళ్ళీ రాశాడు. మూడో పాట ఇప్పటికీ గోలేనన్నాడు. అందులో మార్పు లేదు. “నాలుగో పాటలో శ్రుతి తెలియనిది ఆవిడకు కాదు, నాకు. రెండు మెట్ల మధ్య నిలబడి జారకుండా పాడే గాయనిని నేనింతవరకు వినలేదు” అన్నాడు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, మోతను మించి అరుస్తూ అందరికీ చదివి వినిపించింది. గాయని అన్న మాటను మాత్రం రెండుసార్లు చదివింది. “ఉత్త గోల అన్న మూడో పాట నాది. అదీ గట్టిగా చదువు, నాకేం సిగ్గు!” అంది మడతల అక్క.

కొత్త అట్ట వచ్చేసరికి దానిమీద ఆరుగురి పేర్లూ బ్యాండు పేరుకు పైన ఉన్నాయి. ఆ వారమే, వార్డు నుంచి మాసిన బట్టల బండి తోసుకొచ్చిన కొత్త నర్సు గుమ్మంలో ఆగి తటపటాయిస్తూ అడిగింది.

“నాలుగో పాట పాడినావిడ ఇక్కడే పనిచేస్తారట. ఎవరండీ?”

ఇరవై రెండేళ్ళలో ఆ గదిలోకి వచ్చినవాళ్ళెవరూ బట్టల లెక్క తప్ప ఇంకేమీ అడగలేదు. పిన్ని చేతులు కొంగుకు తుడుచుకుని, నిటారుగా నిలబడింది.

“నేనే” అంది.