మూడో అంతస్తు దాకా వెళ్ళిన బిల్లు

ఆ రోజు పదమూడో తేదీ, మంగళవారం. ఉదయం పది గంటల పది నిమిషాలకి కూపనమ్మ మందుల షాపు కౌంటర్ ముందు నిలబడి, చేతిసంచీలోంచి తన కవరు తీసింది.

కూపనమ్మ అనేది వీధివాళ్ళు పెట్టిన పేరు. అలా పిలిస్తే ఆమెకి కోపమేమీ లేదు, లోపల కాస్త గర్వం కూడా. ఆ కవర్లో కూపన్లన్నీ తేదీల వరసలో ఉంటాయి. ఈ వారం గడువు తీరేవి ముందు, వచ్చే నెలవి వెనక. పేపర్లోంచి కత్తిరించినవి, సబ్బు పెట్టెల మీంచి ఒలిచినవి, షాపువాళ్ళు బిల్లుతో పాటు ఇచ్చినవి. ఏ కూపన్ని దేనితో కలిపి వాడొచ్చో అనుమానం వస్తే కౌంటర్ అమ్మాయి సైతం ఆమెనే అడిగేది. మంగళవారం ఆ షాపులో పాయింట్లు రెట్టింపు. అందుకని ఆ ఇంట్లో జబ్బులు కూడా మంగళవారం చూసుకునే రావాలని అత్తగారు దెప్పుతూ ఉండేది.

"ఏమే అమ్మాయ్, నాకు దగ్గు శుక్రవారమే పట్టుకుంది. మంగళవారం దాకా ఆపుకోమంటావా?"

"మీ దగ్గుకి నాలుగు సీసాలు తయారుగా ఉన్నాయి అత్తయ్యా. ఎంత దగ్గుతారో దగ్గండి."

నిజంగానే మంచం కింద దగ్గుమందు సీసాలు నాలుగున్నాయి. ముగ్గురు మనుషుల కొంపలో టూత్ బ్రష్షులు పద్నాలుగున్నాయి. దెబ్బలు తగిలితే అంటించే పట్టీలు ఎన్నున్నాయంటే, వాటికి సరిపడా దెబ్బలు తగలాలంటే ఒక తరం పడుతుంది. లాండ్రీలో నిలువుకాళ్ళ మీద ఇస్త్రీ చేసి ఆమె తెచ్చే జీతంలో నాలుగు రాళ్ళు మిగిలాయంటే ఆ కవరు చలవే. ఒక్క వాళ్ళాయన మాత్రలకి మాత్రం ఏనాడూ కూపన్ రాలేదు.

ఆయన ఇళ్ళకి రంగులు వేసే పెయింటర్. పెళ్ళికి ముందు నుంచీ ఫిట్స్ ఉంది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. మాత్ర మానొద్దు, ఎత్తు ఎక్కొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. దేవుడి దయవల్ల తొమ్మిదేళ్ళుగా మళ్ళీ రాలేదు. ఆయన కూడా కిందిగోడల పనే ఒప్పుకుంటానని తల్లి ముందు మాటిచ్చాడు.

నిజానికి ఆ నెల మాత్రలు అంతకు ముందు మంగళవారమే కొనాల్సింది. ఆ రోజు లాండ్రీలో సెలవు ఇవ్వలేదు. మర్నాడు వెళ్ళొచ్చు, డబ్బూ చేతిలో ఉంది. కానీ మర్నాడు బుధవారం. పాయింట్లు సగమే.

"ఇంకో వారానికి సరిపోతాయా అండీ?" అని అడిగింది.

"సరిపోతాయిలే."

ఆ 'లే' అన్న మాట ఎంత తేలిగ్గా అన్నాడో, ఆమె అంత తేలిగ్గానూ ఊపిరి పీల్చుకుంది. ఎన్నున్నాయని మళ్ళీ అడగలేదు. కూపన్ల తేదీలు నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, ఆయన మాత్రల పెట్టె మూత తీసి చూడలేదు.

ఇక ఆ షాపు బిల్లుల సంగతి. అవి చెప్పాల్సింది చెప్పేదాకా ఆగవు. మామూలుగా జానెడు ఉంటాయి. ఒకసారి పక్కవీధి టీచరమ్మ బిల్లు గుమ్మం దాకా వెళ్ళి, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయావని చెప్పింది. మంగలాయన బిల్లు బస్టాపు దాకా పోయి, అన్నగారికి ఉత్తరం రాయమంది. చదువుకుని, చుట్ట చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవారు. బాగా పొడుగొచ్చిన రోజున షాపువాళ్ళు ఒక రబ్బరు బ్యాండు కూడా ఇచ్చేవారు.

కౌంటర్ అమ్మాయి సబ్బులు, షాంపూలు, పేస్టు, చివర మాత్రల పెట్టెలు రెండూ దగ్గరికి లాక్కుంది.

"అక్కా, మీకొక్కరికే చెప్తున్నా. వచ్చే మంగళవారం మందుల మీద పాయింట్లు మూడు రెట్లు."

కూపనమ్మ చెయ్యి మాత్రల మీదే ఆగిపోయింది. మూడు రెట్లంటే ఆ పాయింట్లతో పై నెల మాత్రల్లో సగం వచ్చేస్తాయి. కూపన్ లేని మాత్రలకి ఇన్నేళ్ళకి ఒక దారి దొరికింది. సరిపోతాయిలే అన్నాడు కదా. నాలుగైదు మిగిలే ఉంటాయి. తక్కువైతే చెప్పడా, చిన్నపిల్లాడా? లెక్క అటే మొగ్గింది.

"అయితే ఇవి పక్కన పెట్టమ్మా. వచ్చే వారం తీసుకుంటా."

అమ్మాయి మీట నొక్కింది. బిల్లు మొదలైంది. షాంపూ, ఒకటి కొంటే ఒకటి ఉచితం. సబ్బులు నాలుగు. పేస్టు. మీరు ఆదా చేసింది ఇంత. అక్కడ ఆగాల్సింది, ఆగలేదు. కౌంటర్ మీంచి జారి నేల మీద పడింది. నేల మీద పాకుతూ అద్దం తలుపు కిందనుంచి బయటికి దూరింది.

"ఇవాళ పొడుగ్గా ఉందక్కా," అంది అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ.

కూపనమ్మ ఇల్లంతా మనసులోనే వెతుక్కుంది. పొయ్యి కట్టేశానా? కుళాయి? ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకానా? వంగి, మిషన్లోంచి వచ్చే కాగితం మీద కళ్ళు పెట్టింది.

ఏడో తేదీ, పొద్దున అర మాత్ర, సాయంత్రం అర మాత్ర. ఎనిమిదో తేదీ, అర, అర. తొమ్మిది, అర, అర. పదో తేదీ, పొద్దున అర, సాయంత్రం లేదు. పదకొండు, లేదు, లేదు. పన్నెండు, లేదు, లేదు. ఈ రోజు పొద్దున, లేదు.

 కాగితం ఇంకా వస్తూనే ఉంది.

ప్రస్తుతం కొత్త హాస్టల్ భవనం, తూర్పు గోడ, మూడో అంతస్తు.

"ఆ మాత్రలు ఇలా ఇయ్యి!"

"ఈ బిల్లు ఆగాలక్కా, అప్పుడు గానీ ఇంకోటి..."

"ఇది ఇప్పుడే ఆగదు. డబ్బులు ఇవిగో, చిల్లర ఉంచు."

"కార్డు నంబరు చెప్పండి, పాయింట్లు..."

"పాయింట్లు నువ్వే ఉంచుకో తల్లీ!"

కవరు కౌంటర్ మీదే ఉండిపోయింది. సబ్బులూ షాంపూలూ అక్కడే ఉండిపోయాయి. మాత్రల పెట్టెలు గుప్పిట్లో పట్టుకుని ఆమె వీధిలోకి పరిగెత్తింది. అంత పరుగు ఆమె చిన్నప్పుడు కూడా పరిగెత్తి ఉండదు.

బిల్లు పక్కనే సాగుతోంది. పేవ్‌మెంటు మీద తెల్లగా, తొందర తొందరగా. పళ్ళబండి ఆయన చక్రం ఎత్తి దారిచ్చాడు. మలుపు దగ్గర బస్సు ఆపి, డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఎవరిదమ్మా ఈ బిల్లు?"

"నాదే!"

"పెద్దదే. వెళ్ళండి, తొక్కకుండా చూస్తాలెండి."

మంగలాయన కొట్లోంచి కత్తెరతో సహా బయటికొచ్చాడు. "ఎందాకా వెళ్తోంది కూపనమ్మా?"

ఆమెకి జవాబు చెప్పే ఊపిరి లేదు. దేవుడా, ఈ కాగితం కంటే ముందు నన్ను చేర్చు, అనుకుంది. కాగితమే ముందు వెళ్తోంది. అయ్యో, పోనీ దాన్నయినా చేర్చు, అనుకుంది.

పరిగెడుతూనే ఒక్కో మాట కంట పడుతోంది. లేదు, లేదు, అర, అర. తర్వాతది ఆమె ఆదా చేసినదాని లెక్క. అది చూసి ముఖం తిప్పుకుంది.

హాస్టల్ గేటు దాటేసరికి తూర్పు గోడ కనిపించింది. లేత పసుపు రంగు, ఇంకా తడి. ఆ తడి మీద బిల్లు కిందినుంచి పైకి అంటుకుపోయి ఉంది, మూడో అంతస్తు కిటికీ దాకా. పరంజా మీద పలక ఖాళీగా ఉంది. రంగు డబ్బా ఒక్కటే ఉంది. దాని అంచు మీద బ్రష్షు ఇంకా చుక్కలు కారుస్తోంది.

ఆమె కళ్ళు పలక మీంచి కిందికి రావడానికి భయపడ్డాయి.

"ఇటమ్మా, ఇటు!" మేస్త్రీ గొంతు.

ఇసుక కుప్ప మీద ఆయన పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. మేస్త్రీ తన తువ్వాలు మడిచి తల కింద పెట్టాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం అప్పుడే తగ్గుతోంది. పెదవి పక్కన నురగ.

"కంగారు పడకమ్మా. తగ్గింది, తగ్గిపోయింది. పైన బానే ఉన్నాడు, పాట కూడా పాడుతున్నాడు. ఈ కాగితం పాక్కుంటూ వెళ్ళి గోడకి అతుక్కుంది. ఇంక చూస్కో, తిట్టుకుంటూ దిగాడు. 'మా ఆవిడ బిల్లు నా గోడంతా పాడుచేసింది, గీకడానికి పుట్టీ బ్లేడు ఎక్కడ' అని నా మీద అరిచాడు. ఇసుకలో రెండడుగులు వేశాడో లేదో..."

మేస్త్రీ మాట మధ్యలోనే ఆపేసి ఒకసారి పైన పలక వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. 

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందు ఆకాశాన్ని, తర్వాత గోడని, చివరికి భార్యని చూశాడు.

"షాంపూ రెండు కొన్నావా?" అన్నాడు ముద్దముద్దగా.

"ఒకటి ఉచితం," అంది ఆమె, అంటూనే భోరుమంది.

ఏడుపు తగ్గాక అడిగింది. "నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేదండీ?"

"నువ్వు మంగళవారం కోసం అంతలా చూస్తావు కదా. నా వంతు నేను కూడా కాస్త మిగుల్చుదామని..."

"మరి మూడో అంతస్తు?"

"కిందిగోడలు అయిపోయాయి," అన్నాడు తప్పు చేసిన పిల్లాడిలా. మేస్త్రీ వైపు చూసి, "ఫిట్స్ ఉందని ఈయనకి చెప్పలేదు," అన్నాడు.

మేస్త్రీ తల పట్టుకున్నాడు. "తొమ్మిదేళ్ళు నా దగ్గర పనిచేసి, ఇది చెప్పలేదా నువ్వు!"

మధ్యాహ్నం డాక్టరు చూశాడు, చీవాట్లు పెట్టాడు, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించాడు. సాయంత్రం అత్తగారికి అంతా చెప్పారు. ఆవిడ కొడుకుని గానీ కోడలిని గానీ ఒక్క మాట అనలేదు. నోరున్న మనిషి అలా ఊరుకునేసరికి ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ అందరికంటే ముందు లేచింది. మంచినీళ్ళ గ్లాసుతో కొడుకు ఎదురుగా కూర్చుంది.

"వేసుకో."

వేసుకున్నాడు.

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

"అమ్మా, నాకు నలభై ఒకటి వచ్చాయి."

"నేనే కన్నాను, నాకు తెలుసు. ఎత్తు."

ఎత్తాడు. ఆవిడ మెడ చాచి తొంగి చూసింది. కూపనమ్మ కూడా చూసింది, సిగ్గుపడకుండా.

తర్వాత ముగ్గురూ కలిసి హాస్టల్‌కి వెళ్ళారు. మధ్యాహ్నానికి గోడ అప్పగించాలి, పాడుచేసింది తమ బిల్లే. అత్తా కోడళ్ళు తడిగుడ్డలతో కింద భాగం నానబెట్టి కాగితం ఒలిచారు. మేస్త్రీ పైకెక్కాడు. కాగితం ఊడింది గానీ అక్షరాలు రంగులోకి దిగిపోయాయి.

"తమ్ముడూ!" పైనుంచి కేకేశాడు మేస్త్రీ. "ఒక కోటు రంగు వేశాను. షాంపూ, ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఇంకా చక్కగా చదవడానికి వస్తోందయ్యా! ఏం చెయ్యమంటావు?"

ఆయన చెయ్యి అలవాటుగా నిచ్చెన మెట్టు మీదికి వెళ్ళింది. ఒక కాలు కూడా లేచింది. అత్తగారు గుడ్డ పిండడం ఆపేసింది. కూపనమ్మ ఆ కాలి వైపే చూసింది.

ఆయన ఒక్క క్షణం అలాగే ఉండి కాలు దించాడు. చెయ్యి తీసేసి, రంగు బకెట్టు దగ్గరికి లాక్కుని, గోడ వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"పసుపులో చారెడు తెలుపు తగిలితే అక్షరాలు మునిగిపోతాయి. నేను కలుపుతా," అని అరిచాడు. "బకెట్టుకి తాడు దించు."