మా ఆయన ‘ఆల్మోస్ట్’

‘ఆల్మోస్ట్’ అంటే ‘దాదాపు’ అని నిఘంటువులో రాసినవాళ్లు, పాపం, మా ఆయన బైండింగ్ షాపుకు ఎప్పుడూ వచ్చి ఉండరు. ఇక్కడ ‘ఆల్మోస్ట్ అయిపోయిందండీ’ అంటే కాగితాలు ఎక్కడ పెట్టాడో ఇంకా వెతకాలని. ‘ఆల్మోస్ట్ అయిపోయినట్టే’ అంటే కాస్త మెరుగు, దారం కొనుక్కొచ్చాడన్నమాట. ఇరవై రెండేళ్లుగా కౌంటర్లో కూచుని ఈ భాషను జనానికి విడమరిచి చెప్పే ఉద్యోగం నాది. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉన్నాయి.

ఈసారి వచ్చిన గిరాకీ మా అమ్మాయే. థీసిస్ రెండు కాపీలు తెచ్చి తండ్రి చేతికిచ్చింది. శుక్రవారం నాలుగింటిలోపు కాలేజీలో ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఎదురు షాపులో మిషను ఉంది, గంటలో కుట్టిస్తారు. “మా నాన్న ఉండగా బయటెందుకు?” అంది పిచ్చితల్లి.

సోమవారం అడిగితే “ఆల్మోస్ట్ తల్లీ” అన్నాడు. బుధవారం “ఆల్మోస్ట్ అయిపోయినట్టే” అన్నాడు. కన్నకూతురు కదా, దానికైనా నిఘంటువు అర్థం వర్తిస్తుందని నేనూ నమ్మాను. నా బుద్ధి గడ్డి తింది.

శుక్రవారం రెండింటికి అమ్మాయి షాపుకొచ్చింది. ఇద్దరం లోపలి గదిలోకి వెళ్లి చూస్తే, అమ్మాయి కట్టిచ్చిన తాడు ముడి కూడా విప్పలేదు. ఈయన అట్టకు రంగు ఎంచుతున్నాడు.

“జిగురు ఆరడానికే నాలుగు గంటలు పడుతుంది కదండీ!”

“అరవకే. మన అమ్మాయిది కదా, తీరిగ్గా బ్రహ్మాండంగా చేద్దామని...”

“మీ బ్రహ్మాండం తగలెయ్య! దాని ఏడాది గంగలో కలుస్తోంది!”

అమ్మాయి కట్ట ఎత్తుకుని రోడ్డు దాటింది. ఈయన గుమ్మంలో నిలబడి, “మిషను కుట్టు ఆర్నెల్లు కూడా ఆగదు” అని గొణిగాడు. “మీది అసలు పుట్టనే లేదు కదా” అన్నాను. ఒళ్లు మండిపోయింది మరి.

సాయంత్రం అమ్మాయి రెండో కాపీ తెచ్చి బల్లమీద పెట్టింది. గడువుకు పది నిమిషాల ముందు ఇచ్చేసిందట. నా ప్రాణం కుదుటపడింది. ఈయన ఆత్రంగా కుట్టు లాగి చూశాడు. వంక దొరకలేదు. మొదటి పేజీ తిప్పి ఆగిపోయాడు.

నేనూ తొంగి చూశాను. పది రోజుల కిందట, ఇంకా మాకు ఇవ్వకముందే అచ్చు వేయించిన పేజీ అది: ‘ఈ పుస్తకాన్ని తన చేతులతో కుట్టి ఇచ్చిన మా నాన్నకు.’

“కాలేజీకిచ్చిన దాంట్లో కూడా ఇది ఉందా తల్లీ?” సిగ్గుతో ఆయన పేజీ మీంచి తల ఎత్తలేదు.

“ఉంది నాన్నా. తీసెయ్యమంటావా అని ఎదురు షాపాయన అడిగాడు. నాకే నోరు రాలేదు.”