పక్క సీట్లో డ్రైవరు

లింగమూర్తి లెక్కలో ఈ లోకంలో డ్రైవర్లు ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు ఇంకా పుట్టలేదు.

ముప్పై మూడేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి, బండి మీద గీత పడకుండా డిపోకు అప్పజెప్పి, పోయిన ఏడే రిటైరయ్యాడు. అంతవరకు బాగానే ఉంది. ఇంకొకరు నడిపే బండి ఎక్కాడంటే మాత్రం తనకూ సుఖం లేదు, పక్కవాళ్ళకూ సుఖం లేదు. కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. కిరాయి బండి మాట్లాడుకుని వేములవాడ రాజన్న దర్శనానికి పోతే, చుట్టాలంతా ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతారు. ఈయన ముందు సీట్లో కళ్ళింత చేసుకుని కూర్చుని ఆ డ్రైవరు ప్రాణం తోడేస్తాడు. "స్టీరింగు ఇంకొకని చేతిల ఉన్నప్పుడు కండ్లు మూసేటోడు డ్రైవరే కాదు" అంటాడు. ఆయన బండిలో కునుకు తీయగా చూసినవాళ్ళు పుప్పాలగూడ మొత్తంలో లేరు, కట్టుకున్న చంద్రమ్మతో సహా.

అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు రోజులు పట్నం తిప్పుతానని బయల్దేరింది ఆయన కూతురు జ్యోత్స్న. పిల్లకు ఎంత ధైర్యమో చూడండి!

దీని వెనక ఒక కుడితి తొట్టి కథ ఉంది. ఎనిమిదేళ్ళ కింద, ఇంజనీరింగు చివరి ఏడాదిలో, జ్యోత్స్న తండ్రి దగ్గరే, అడిగి తెచ్చిన ఒక కారు మీద, డ్రైవింగు మొదలుపెట్టింది. మూడో రోజు బ్రేకు అనుకుని ఆక్సిలరేటరు తొక్కి, పక్కింటి స్వామి గేదెల కుడితి తొట్టిని కూలగొట్టింది. కుడితి వాకిలంతా పారింది. వాడంతా పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వారు, దానికేం! తండ్రి మాత్రం అందరి ముందూ చేతిలోంచి తాళం చెవి లాక్కుని, "నీతోని కాదు బిడ్డా. నువ్వు ఎనుక సీట్ల కూసో" అన్నాడు. ఆ మాట లోపల ముల్లులా విరిగి ఉండిపోయింది. తర్వాత ఉద్యోగం వచ్చింది, ఆఫీసులో ఇరవై మంది ఆమె మాట వినే స్థాయి వచ్చింది. అయినా తండ్రితో ఏ బండి ఎక్కబోయినా చెయ్యి దానంతటదే వెనక తలుపు మీదికి పోయేది.

ఈ ఏడు ఇక మొండికేసింది. ఇంట్లో చెప్పకుండా గచ్చిబౌలిలో డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. స్నేహితురాలు హర్షిణి కారు మీద ఆర్నెల్లు సాధన చేసి, ఒక శనివారం ఎర్రటి కొత్త కారు తెచ్చి ఇంటి ముందు ఆపింది. గేర్లు లేని బండి తీసుకోమని షోరూము వాళ్ళు చెవిలో జోరీగలా పోరినా వినలేదు. అలాంటి దాన్ని తండ్రి బండి అనడు, ఉయ్యాల అంటాడు.

"రేపు ఐతారం పోదాం నాయినా. మాదాపూర్ల హోటల్ల రూము బుక్ చేసిన. ఒక రాత్రి ఆడ్నే ఉండి, సోమారం పొద్దుగూకే యాల్లకు వద్దాం."

"మాదాపూర్ల హోటలా? ఇంటి కాడికెళ్ళి పది కిలోమీటర్లు గూడ లేదు. పిచ్చిగిట్ల లేసిందా?"

"ముప్పై మూడేండ్లు డిపోల బల్లల మీద పన్నవు. ఒక్క రాత్రన్న మంచి పరుపు మీద పండుకో. కానీ బండి నేనే నడుపుత. నువ్వు ఒక్క మాట అనొద్దు."

లింగమూర్తి కారు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాడు. "నోరు మూస్కుంట. కాలు సంగతి చెప్పలేను. అది నా మాట ఇనదు."

చంద్రమ్మను కూడా రమ్మంటే రెండు చేతులెత్తి దండం పెట్టింది. "మీ ఇద్దరి నడుమ కూసుంటే నా తల పగుల్తది. నన్ను ఇడిసిపెట్టుండ్రి."

ఖాజాగూడ దాటేసరికే ఆయన కాలు పదిహేడు సార్లు బ్రేకు తొక్కింది. నోరు మూసుకున్న మాట నిజమే గానీ, ముక్కుతో మాట్లాడాడు. చిన్న తప్పుకు "ఊఁ". పెద్ద తప్పుకు "ఊఁహూఁ". బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర రెండూ కలిపి వినిపించాయి. జ్యోత్స్న పళ్ళు బిగబట్టి హోటలు దాకా తెచ్చింది.

తొమ్మిదో అంతస్తులో గది. లింగమూర్తి పరుపును అరచేత్తో నొక్కి, "సస్పెన్షన్ మంచిగున్నది" అన్నాడు. కిటికీ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. కింద అద్దాల మేడలు ఎండకు మెరుస్తున్నాయి. "గాడ ఒక స్టేజీ ఉండె బిడ్డా. ఎక్కెటోడు లేడు, దిగెటోడు లేడు. గుట్టలకు టికెట్లు కొడుదామా అన్నా, అని మా కండక్టరు నవ్వెటోడు" అని తనూ నవ్వాడు.

మధ్యాహ్నం మాల్‌కు వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో పరువు పోయింది.

మూడు అంతస్తుల కింద సెల్లారు. పైకి రావాలంటే చుట్టలు తిరిగే ఏటవాలు దారి. సరిగ్గా చివరి మలుపులో ముందు కారు ఆగింది. జ్యోత్స్న ఆపింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కంగారులో క్లచ్ వదిలేసరికి ఇంజను ఆగిపోయి, బండి వెనక్కి జారింది. జానెడు, మూరెడు... లింగమూర్తి చెయ్యి చటుక్కున హ్యాండ్‌బ్రేకు లాగింది. వెనక కారుకు బెత్తెడు దూరంలో ఆగారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను పరుగున వచ్చాడు. "మేడం, మీరు దిగండి. సార్ నడుపుతారు."

జ్యోత్స్న తండ్రి వైపు తిరిగింది. ఆయన చెయ్యి తలుపు మీదికి పోతుందని ఎదురుచూసింది. పోలేదు. ఆయన హ్యాండ్‌బ్రేకు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జ్యోత్స్నే ఎలాగో ఇంజను రొద పెట్టించి, కాలిన వాసన రప్పించి పైకి ఎక్కించింది.

ఆ తర్వాత ఆయన ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండును! సాయంత్రం దుర్గం చెరువు గట్టున మిరపకాయ బజ్జీలు తింటుంటే ఆమే ఉండబట్టలేకపోయింది.

"అను నాయినా. ఎనుక సీట్ల కూసో అని అనెయ్యి. ఒక పనైపోతది."

లింగమూర్తి బజ్జీ కాగితంలో పెట్టాడు. "నా బస్సు గూడ జారింది బిడ్డా. శ్రీశైలం ఘాట్ల. కొత్తగ ఎక్కిన దినాలు. లోపట యాభై ఆరు మంది. ఇయ్యాల్టి దాంక మీ అమ్మకు గూడ చెప్పలే."

జ్యోత్స్న నోరు తెరిచింది. గీత పడని లింగమూర్తి బస్సు జారిందా!

"మరి ఎట్ల ఎక్కిచ్చినవ్?"

"చెవితోని. కాలుకు తొందరెక్కువ. క్లచ్ మెల్లగ ఇడుస్తుంటే ఇంజను గొంతు మారుతది, బరువు నెత్తికెత్తుకున్నట్టు. అప్పటిదాంక బ్రేకు ఇడవొద్దు." ఆయన చెరువు వైపు చూస్తూ ఇంకో మాట అన్నాడు. "ఆనాడు నీకు గీ ముచ్చట చెప్పాలె. కోపానికొచ్చిన. నాకు నడుపుడు వచ్చు గని, నేర్పుడు రాలే బిడ్డా."

ఎనిమిదేళ్ళ ముల్లు సగం కదిలింది. జ్యోత్స్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బజ్జీ కారం అని చెప్పింది. కానీ సగమే కదిలింది. ఓదార్పు మాట వేరు, డ్రైవరని ఒప్పుకోవడం వేరు. హోటలుకు తిరిగి వస్తుంటే కూడా ఆయన కాలు బ్రేకు తొక్కుతూనే ఉంది.

మర్నాడు గది ఖాళీ చేశాక, "ఇగ ఎటు?" అన్నాడు లింగమూర్తి.

"నిన్నటి మాల్‌కే."

"ఏమన్న మర్శిపోయినవా ఆడ?"

"పరువు" అంది జ్యోత్స్న.

సినిమా చూసి, అన్నం తిని, సాయంత్రం అదే సెల్లారులోంచి బయల్దేరారు. అదే చివరి మలుపు. అదే సెక్యూరిటీ అతను. ఎర్ర కారును చూడగానే గుర్తుపట్టి రెండడుగులు పక్కకు జరిగాడు పాపం. ముందు ఏ బండీ లేదు, హాయిగా పోవచ్చు. జ్యోత్స్న కావాలనే నిన్న జారిన చోట ఆపింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ! కారులో మోగుతున్న పాటలు ఆపేసింది. క్లచ్ మెల్లగా వదిలింది. ఇంజను గొంతు మారింది. బరువు నెత్తికెత్తుకుంది. అప్పుడు బ్రేకు వదిలింది.

బండి ఆవగింజంత కూడా జారలేదు. దర్జాగా పైకి పోయింది. సెక్యూరిటీ అతను చెయ్యెత్తి సలాం కొట్టాడు.

"చూసినవా నాయినా!" అని స్టీరింగు మీద దరువేసింది.

లింగమూర్తి "ఊఁ" అని కూడా అనలేదు. సీటు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

బయట కుండపోత. కంపెనీలన్నీ ఒక్కసారే వదిలినట్టున్నాయి, మైండ్‌స్పేస్ నుంచి రోడ్డంతా బండ్లే. ఫ్లైఓవరు కింద తడవకుండా బైకులవాళ్ళు గుంపు కట్టారు. జ్యోత్స్న మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు వేసుకుంటూ, ఎవరినీ తిట్టకుండా, హారను ముట్టుకోకుండా అడుగులో అడుగు నడిపింది. ఉన్నట్టుండి ఒక బస్సు అడ్డంగా దూరింది. మెత్తగా బ్రేకు వేసి దారి ఇచ్చింది. ఇప్పుడు "ఊఁహూఁ" తప్పదనుకుంది.

వినిపించలేదు.

"నాయినా, బస్సని ఇడిసిపెట్టిన. మనోడే కదా" అంది. పక్కకు తిరిగి చూసింది.

లింగమూర్తి తల కిటికీకి ఆనుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి, ఏ బ్రేకూ తొక్కకుండా, పక్కకు వాలిపోయి ఉంది. గుర్రు పెడుతున్నాడు.

జ్యోత్స్నకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అరవాలనిపించింది, అరిస్తే లేస్తాడు. ఏసీ తగ్గించింది. ఖాజాగూడ స్పీడు బ్రేకర్లను, నెత్తిన నిండు బిందె ఉన్నట్టుగా దాటించింది. బతుకులో అంత గర్వంగా ఎప్పుడూ లేదామెకు.

ఇంటి ముందు ఆపింది గానీ ఇంజను ఆపలేదు. చంద్రమ్మ గొడుగు పట్టుకుని వచ్చి అద్దంలోంచి చూసి బెదిరిపోయింది.

"అయ్యో, ఏమైందే మీ నాయినకు? దవాఖానకు పోదామా?"

"సప్పుడు చెయ్యకమ్మా. పన్నడు. మైండ్‌స్పేస్ కాడికెళ్ళి పన్నడు."

"బండిల? నువ్వు నడుపుతుంటేనా?" చంద్రమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సప్పుడు చెయ్యొద్దన్న మాట ఎప్పుడో మర్చిపోయింది. "ఓ స్వామన్నా! జర ఉరికి రా! గీ ఇచిత్రం సూడు!"

ఆ కేకకు లింగమూర్తి ఉలిక్కిపడి లేచాడు. అప్పటికే స్వామి వచ్చేశాడు, ఆయన వెనక ఇంకో నలుగురు. "ఎవడు పన్నడు? కండ్లు మూసుకొని ఇంజను సప్పుడు ఇన్న" అన్నాడు లింగమూర్తి.

"గుర్రు గూడ ఇంజనుదేనా అన్నా?" అన్నాడు స్వామి. వాడంతా మళ్ళీ పడీపడీ నవ్వింది. ఈసారి జ్యోత్స్న అందరికంటే గట్టిగా నవ్వింది.

లింగమూర్తి చెప్పు వెతుక్కుని దిగాడు. వానలోనే కారు వెనక తలుపు తెరిచి, లోపలికి వంగి, సీటు ఎంత పొడుగుందో జానలతో కొలిచాడు.

"చంద్రమ్మా, వచ్చే సోమారం ఏములాడ పోదాం. బిడ్డనే నడుపుతది. నెత్తి కిందికి ఒక మెత్త గూడ యాదికుంచుకొని తే. నేను ఎనుక సీట్ల పండుకుంట."

జ్యోత్స్న రెండు రోజులుగా ముట్టుకోని హారను, పుప్పాలగూడ అదిరిపోయేలా కొట్టింది.